మోకాలి మార్పిడి: ఆపరేషన్‌కు ఎప్పుడు సరే అనాలి? ఖర్చులో ఏమేం చూసుకోవాలి? తర్వాతి 12 వారాలు ఎలా గడవాలి?

అమ్మ మూడో అంతస్తు నుంచి కిందికి దిగి పది రోజులైంది. లిఫ్టు లేదు. కూరగాయలు ఎవరో ఒకరు తెచ్చిస్తున్నారు. గుడికి వెళ్లడం మానేసింది. అడిగితే ‘‘ఏం లేదు, కాస్త నొప్పి’’ అంటుంది. డాక్టర్‌కు చూపిస్తే ఎక్స్‌రే పైకెత్తి చూసి, ‘‘గుజ్జు మొత్తం అరిగిపోయింది, మోకాలు మార్చాల్సిందే’’ అన్నారు.

ఇంటికి వచ్చాక సలహాలు మొదలవుతాయి. ‘‘మా పక్కింటావిడ చేయించుకుని చక్కగా నడుస్తోంది’’ అని ఒకరు, ‘‘మా పెద్దమ్మ చేయించుకుని మంచాన పడింది’’ అని ఇంకొకరు. రెండూ నిజమే కావచ్చు. ఆ ఇద్దరికీ తేడా చాలాసార్లు ఆపరేషన్ గదిలో రాదు. సరైన సమయంలో, సరైన కారణానికి చేయించుకున్నారా అన్నది ఒకటి. ఇంటికి వచ్చాక కాలును ఎలా వంచారు, ఎలా చాపారు అన్నది రెండోది. ఈ రెండూ మీ చేతిలో ఉన్నవే.

అసలు ఏం మారుస్తారు?

మోకాలు మొత్తం తీసేసి కొత్తది పెడతారని చాలామంది అనుకుంటారు. అలా కాదు. తొడ ఎముక కింది చివర, కాలి ఎముక పై చివర మృదులాస్థి అనే నున్నటి పొర ఉంటుంది. మనం ‘గుజ్జు’ అనేది దాన్నే. అది అరిగితే ఎముకకు ఎముక రాసుకుంటుంది. ఆపరేషన్‌లో అరిగిన ఉపరితలాన్ని కొన్ని మిల్లీమీటర్ల మందాన కోసి, పంటికి క్యాప్ తొడిగినట్టు లోహపు తొడుగు వేస్తారు. రెండు లోహపు భాగాల మధ్య పాలీఇథిలీన్ అనే గట్టి ప్లాస్టిక్ పలక ఉంచుతారు. అవసరమైతే మోకాలిచిప్ప వెనక కూడా ఒక ప్లాస్టిక్ బిళ్ల అతికిస్తారు. చుట్టూ ఉన్న కండరాలు మాత్రం మీవే. అవి బలంగా లేకపోతే ఎంత ఖరీదైన తొడుగైనా నడిపించలేదు.

అరుగుదల మోకాలికి ఒక పక్కనే ఉంటే ఆ పక్క మాత్రమే మార్చే ‘పాక్షిక మార్పిడి’ కూడా ఉంది. అది మీకు కుదురుతుందా అని సర్జన్‌ను అడగండి.

ఎక్స్‌రే ఒక్కటి చూసి నిర్ణయించొచ్చా?

కూడదు. అరుగుదలను ఎక్స్‌రేలో 0 నుంచి 4 వరకు గ్రేడ్లుగా చూస్తారు. నాలుగో గ్రేడ్ అంటే తీవ్రమైనది. అయితే నాలుగో గ్రేడ్ ఉన్నా రోజూ మార్కెట్‌కు నడిచి వెళ్లేవాళ్లు ఉంటారు. రెండో గ్రేడ్‌లోనే రాత్రి నిద్ర పట్టనివాళ్లూ ఉంటారు. పైగా పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రేలో ఎముకల మధ్య ఖాళీ ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించవచ్చు. అందుకే నిలబడి, బరువు మోపి తీసిన ఎక్స్‌రే కావాలి.

తుంటి కీలు సమస్య, నడుము దగ్గర నరం నొక్కుకోవడం వల్ల వచ్చే నొప్పి కూడా మోకాలిలో వచ్చినట్టే ఉంటుంది. అక్కడ సమస్య పెట్టుకుని మోకాలు మారిస్తే నొప్పి అలాగే ఉంటుంది. కాబట్టి డాక్టర్ మోకాలితో పాటు తుంటినీ నడుమునూ కూడా పరీక్షించారా లేదా అన్నది గమనించండి.

ఎక్స్‌రే కంటే ముందు రాసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. ఒక కాగితం తీసుకుని, మోకాలి వల్ల గత ఏడాదిలో ఏమేం మానేశారో రాయండి. అమ్మానాన్నల విషయమైతే మీరే పక్కన కూర్చుని రాయండి. ‘‘నొప్పి ఎంత ఉంది?’’ అని అడిగితే పెద్దవాళ్లు తగ్గించి చెబుతారు. ‘‘కిందికి దిగి ఎన్నాళ్లయింది? రాత్రి ఎన్నిసార్లు మెలకువ వస్తోంది? బజారుకు వెళ్తే దారిలో ఎన్నిచోట్ల ఆగుతున్నావు?’’ అని అడిగితే నిజం బయటికి వస్తుంది. ఆ కాగితం దాచుకోండి. చివరిదాకా పనికొస్తుంది.

ఆపరేషన్‌కు ముందు ఏం ప్రయత్నించాలి?

అరుగుదల వెనక్కి పోదు. కానీ నొప్పి తగ్గే అవకాశం ఉంది. గట్టి ఆధారాలున్న పద్ధతులు ఇవి.

• తొడ ముందు భాగంలోని కండరాన్ని బలపరిచే వ్యాయామాలు. ఫిజియోథెరపిస్ట్ దగ్గర నేర్చుకుని కనీసం 12 వారాలు చేయాలి. నాలుగు రోజులు చేసి ‘పనిచేయలేదు’ అనుకోవద్దు.

• బరువు తగ్గడం. ఒంట్లో ఒక కిలో తగ్గితే, వేసే ప్రతి అడుగులో మోకాలి మీద భారం దాదాపు 4 కిలోలు తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది.

• మోకాలి మీద రాసే నొప్పి నివారణ జెల్. మాత్రలు అవసరమైతే తక్కువ రోజులు, డాక్టర్ చెప్పిన మేరకే వాడాలి. మందుల షాపులో అడిగి నెలల తరబడి పెయిన్ కిల్లర్లు మింగితే కడుపులో పుండ్లు వస్తాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. బీపీ, షుగర్ ఉన్నవాళ్లకు ఈ ముప్పు ఇంకా ఎక్కువ.

• చేతికర్ర. నొప్పి ఉన్న కాలికి ఎదురు చేత్తో పట్టుకోవాలి. కుడి మోకాలు నొప్పి అయితే ఎడమ చేతిలో అన్నమాట.

మోకాలిలో వేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొన్ని వారాల ఉపశమనం ఇస్తుంది. అది వేయించుకున్నాక వెంటనే ఆపరేషన్ చేస్తే ఇన్ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది కాబట్టి సాధారణంగా 3 నెలలు ఆగుతారు. అందువల్ల ఇంజెక్షన్ తేదీ రాసిపెట్టుకోండి. ‘గుజ్జు ఇంజెక్షన్’ పేరుతో ఇచ్చే హైలురోనిక్ యాసిడ్‌ను బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు సిఫారసు చేయడం లేదు. అరుగుదల వల్ల వచ్చే నొప్పికి కెమెరా గొట్టంతో మోకాలిని ‘శుభ్రం చేసే’ ఆపరేషన్ వద్దని 2017లో అంతర్జాతీయ నిపుణుల బృందం గట్టిగా సూచించింది.

వ్యాయామం అనగానే ‘‘ఆ స్థితి దాటిపోయింది’’ అనే మాట వినిపిస్తుంది. డెన్మార్క్‌లో చేసిన ఒక అధ్యయనం ఇక్కడ గుర్తు పెట్టుకోవాలి. 2015లో ప్రచురితమైంది. మోకాలి మార్పిడికి అర్హులని తేలిన 100 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు ఆపరేషన్‌తో పాటు వ్యాయామం, బరువు తగ్గించడం వంటి 12 వారాల చికిత్స ఇచ్చారు. రెండో గుంపుకు ఆ 12 వారాల చికిత్స మాత్రమే. ఏడాది తర్వాత చూస్తే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు మెరుగుదల దాదాపు రెట్టింపు ఉంది. తీవ్రమైన దుష్ఫలితాలు కూడా వాళ్లలోనే ఎక్కువ. రెండో గుంపులో ఆ ఏడాదిలో ఆపరేషన్‌కు వెళ్లింది నలుగురిలో ఒకరే. అంటే ఆపరేషన్ బాగా పనిచేస్తుంది, కానీ దాన్ని వాయిదా వేసుకునే వీలు చాలామందికి ఉంది. ఈ రెండు మాటలనూ కలిపే చూడాలి.

మరి ఎప్పుడు సరే అనాలి?

ఈ నాలుగూ ఒకేచోట కలిసినప్పుడు ఆపరేషన్ గురించి గట్టిగా ఆలోచించవచ్చు.

1. నొప్పి రోజూ ఉంది, రాత్రి నిద్ర చెడగొడుతోంది, లేదా నడక బాగా తగ్గిపోయింది.
2. కనీసం 3 నెలలు వ్యాయామం, మందులు సక్రమంగా వాడినా ఫలితం లేదు.
3. నిలబడి తీసిన ఎక్స్‌రేలో తీవ్రమైన అరుగుదల కనిపిస్తోంది.
4. ఆపరేషన్ తర్వాత కొన్ని వారాల కష్టానికి మనిషి సిద్ధంగా ఉన్నారు. పక్కన ఉండే మనిషి కూడా దొరికారు.

ఇది అత్యవసర ఆపరేషన్ కాదు. ‘‘ఈ వారంలో చేయించుకుంటేనే ప్యాకేజీ’’ అని ఎవరైనా అంటే అది వైద్యపరమైన కారణం కాదు. ఇంకో సర్జన్ అభిప్రాయం తీసుకోండి. అలాగని మరీ ఆలస్యం చేయడం కూడా మంచిది కాదు. కాలు పూర్తిగా చాపలేనంతగా బిగుసుకుపోయినా, దొడ్డికాళ్లలా వంకర బాగా పెరిగినా ఆపరేషన్ కష్టమవుతుంది, కోలుకోవడం నెమ్మదిస్తుంది. వాకింగ్ మానేశాక షుగర్, బీపీ, బరువు కూడా అదుపు తప్పుతాయి.

ఇప్పుడు ఆ కాగితం బయటికి తీయండి. మెట్లు, మార్కెట్, గుడి, బస్సు ప్రయాణం, నిద్ర... ఇవి రాసి ఉంటే ఆపరేషన్ వాటిని తిరిగి ఇచ్చే అవకాశం ఎక్కువ. పీట మీద కూర్చోవడం, బాసింపట్టు, నేల మీద కూర్చుని కూరగాయలు తరగడం, ఇండియన్ టాయిలెట్... ఇవి రాసి ఉంటే మాత్రం ముందే తెలుసుకోండి, కొత్త మోకాలితో అవి సాధారణంగా తిరిగి రావు. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో ఐదుగురిలో ఒకరి దాకా ఫలితంతో పూర్తి సంతృప్తి పొందలేదని వేర్వేరు దేశాల అధ్యయనాలు చెబుతున్నాయి. దానికి ఒక పెద్ద కారణం, ఏం వస్తుంది, ఏం రాదు అన్నది ముందే తెలియకపోవడం.

కొత్త మోకాలు ఎన్నేళ్లు ఉంటుంది?

2019లో లాన్సెట్ పత్రికలో వచ్చిన విశ్లేషణ ప్రకారం, పూర్తి మోకాలి మార్పిడి చేసినవాటిలో సుమారు 82 శాతం 25 ఏళ్ల పాటు పనిచేశాయి. పాక్షిక మార్పిడిలో అది 70 శాతం.

వయసును బట్టి లెక్క మారుతుంది. అదే పత్రికలో 2017లో వచ్చిన బ్రిటన్ అధ్యయనంలో, 70 ఏళ్ల వయసులో చేయించుకున్నవాళ్లకు జీవితకాలంలో మళ్లీ ఆపరేషన్ అవసరమయ్యే అవకాశం 5 శాతం లోపే. 50ల తొలి ఏళ్లలో చేయించుకున్న మగవాళ్లలో అది 35 శాతం. రెండోసారి చేసే ఆపరేషన్ మొదటిదానికంటే కష్టం, ఖర్చు కూడా ఎక్కువ. కాబట్టి 52 ఏళ్ల వ్యక్తికీ 72 ఏళ్ల వ్యక్తికీ ఒకే సలహా సరిపోదు.

రెండూ ఒకేసారా? రోబో అవసరమా?

రెండు మోకాళ్లూ ఒకేసారి చేయించుకుంటే ఒకే మత్తు, ఒకే సెలవు, ఖర్చు కొంత తక్కువ. కానీ శరీరం మీద పడే ఒత్తిడి, రక్తనష్టం ఎక్కువ. గుండె, ఊపిరితిత్తుల జబ్బులు ఉన్నవాళ్లకు, వయసు బాగా మీరినవాళ్లకు విడివిడిగా చేయడమే క్షేమం. డిస్కౌంట్ చూసి కాకుండా గుండె డాక్టర్, మత్తు డాక్టర్ ఏమంటున్నారో విని తేల్చుకోండి.

రోబో విషయానికొస్తే, దాని సాయంతో ఎముకను అనుకున్న కోణంలో కచ్చితంగా కోయవచ్చు. కానీ దానివల్ల నొప్పి తక్కువ ఉంటుందని, మోకాలు ఎక్కువ ఏళ్లు వస్తుందని గట్టి దీర్ఘకాలిక రుజువు ఇంకా లేదు. అప్పు చేసి మరీ రోబో కోసం వెళ్లక్కర్లేదు. అలాంటి ఆపరేషన్లు తరచూ చేసే అనుభవం ఉన్న సర్జన్ దొరకడం అంతకంటే ముఖ్యం.

ఖర్చు: పథకాలు, బీమా, బిల్లు

*ప్రభుత్వ పథకాలు.* తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ ఉన్నాయి. కేంద్రానికి ఆయుష్మాన్ భారత్ ఉంది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి ఆరోగ్యశ్రీ పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచారు. కానీ ఇక్కడ చూడాల్సింది పరిమితి ఎంత అన్నది కాదు. ఏ చికిత్సకైనా మూడు ప్రశ్నలు అడగాలి. ఈ చికిత్స ప్యాకేజీ జాబితాలో ఉందా? ఉంటే ప్రైవేటు ఆసుపత్రిలోనూ చేస్తారా, ప్రభుత్వ ఆసుపత్రికే పరిమితమా? ఈ ఆసుపత్రికి ఈ విభాగంలో అనుమతి ఉందా? ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర లేదా వైద్యమిత్ర డెస్క్ దగ్గర ఈ మూడింటికీ జవాబు తీసుకోండి. రాష్ట్ర పథకాలకు 104, ఆయుష్మాన్ భారత్‌కు 14555 నంబర్లకు ఫోన్ చేయొచ్చు. ముందస్తు అనుమతి రాకుండా చేరి డబ్బు కట్టేస్తే తర్వాత వెనక్కి రాబట్టుకోవడం చాలా కష్టం.

*70 ఏళ్లు నిండినవాళ్లకు.* 2024 అక్టోబరు నుంచి ఆదాయంతో సంబంధం లేకుండా ఆయుష్మాన్ భారత్ కింద ఏటా 5 లక్షల రూపాయల వరకు కవరేజీ ఉంది. ఆధార్‌తో ఆయుష్మాన్ యాప్‌లో నమోదు చేసుకుంటే ‘వయ వందన’ కార్డు వస్తుంది. ప్రైవేటు బీమా ఉన్నవాళ్లు కూడా దీన్ని తీసుకోవచ్చు. సీజీహెచ్‌ఎస్ వంటి కేంద్ర పథకాల్లో ఉన్నవాళ్లు మాత్రం ఏదో ఒకటి ఎంచుకోవాలి.

*ప్రభుత్వ ఆసుపత్రులు.* హైదరాబాద్‌లోని నిమ్స్ మొదట ఎముకల ఆసుపత్రిగానే పుట్టింది. తిరుపతిలో టీటీడీ నడిపే బర్డ్ ఆసుపత్రి కీళ్లు, ఎముకలకు ప్రత్యేకం. వీటిలోనూ పెద్ద బోధనాసుపత్రుల్లోనూ ఈ ఆపరేషన్లు చేస్తారు. రద్దీ వల్ల ఆగాల్సి రావచ్చు. అత్యవసరం కాదు కాబట్టి ఆ సమయాన్ని వ్యాయామానికి, షుగర్ అదుపునకు వాడుకోవచ్చు.

*ఆరోగ్య బీమా.* చాలా పాలసీల్లో వయసు వల్ల వచ్చే కీళ్ల అరుగుదలకు, కీలు మార్పిడికి విడిగా వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది. 2024 నిబంధనల ప్రకారం అది 36 నెలలు మించకూడదు. ప్రమాదం వల్ల అవసరమైతే ఈ వెయిటింగ్ వర్తించదు. క్యాష్‌లెస్ అనుమతి దరఖాస్తుపై గంటలోగా, డిశ్చార్జి బిల్లుపై 3 గంటల్లోగా బీమా కంపెనీ నిర్ణయం చెప్పాలి. పాలసీలో గది అద్దె పరిమితి ఉంటే అది కూడా చూసుకోండి. అంతకంటే ఖరీదైన గది తీసుకుంటే కొన్ని పాలసీల్లో గదికే కాదు, మిగతా బిల్లుకు కూడా కోత పడుతుంది.

*తొడుగు ధర.* 2017 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వ ఔషధ ధరల సంస్థ ఎన్‌పీపీఏ మోకాలి ఇంప్లాంట్లకు గరిష్ఠ ధర నిర్ణయించింది. అప్పటి లెక్కలో కోబాల్ట్ క్రోమియం రకం 54,720 రూపాయలు, టైటానియం వంటి ప్రత్యేక లోహాల రకం 76,600 రూపాయలు, పన్ను అదనం. అంతకుముందు మొదటి రకం సగటు ధర లక్షన్నర దాటి ఉండేది. తర్వాతి ఏళ్లలో ఈ పరిమితులను సవరిస్తూ వచ్చారు, కాబట్టి ఇప్పటి ధర ఎన్‌పీపీఏ వెబ్‌సైట్‌లో చూసుకోండి.

ఈ పరిమితి ఇంప్లాంట్‌కే. సర్జన్ ఫీజు, ఆపరేషన్ థియేటర్, గది, మందులకు కాదు. బిల్లులో ఇంప్లాంట్ ధర, కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు విడిగా రాయాలి. మరొక చిన్న విషయం. 2017 నాటి 54,720 రూపాయల్లో మోకాలిచిప్ప బిళ్లకు 4,090 రూపాయలు ఉన్నాయి. చాలామందికి ఆ బిళ్ల వేయరు. వేయకపోతే దాని ధర బిల్లులో ఉండకూడదు. డిశ్చార్జి సమ్మరీ, ఇంప్లాంట్ స్టిక్కర్లు ఫొటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. పదేళ్ల తర్వాత మళ్లీ ఏదైనా సమస్య వస్తే ఏ కంపెనీ, ఏ సైజు అన్నది సర్జన్‌కు అవే చెబుతాయి. ఎక్కువ ధర వేశారనిపిస్తే ఎన్‌పీపీఏ వారి ఫార్మా జన్ సమాధాన్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు.

తేదీ ఖాయమయ్యాక ఇంట్లో ఏం సిద్ధం చేయాలి?

ముందు ఒంటి సంగతి. షుగర్ అదుపులో లేకపోతే పుండు మానదు, ఇన్ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది. హెచ్‌బీఏ1సీ 7.5 లేదా 8 లోపు ఉండాలని చాలామంది సర్జన్లు అడుగుతారు. పుచ్చిపళ్లు, మూత్రంలో ఇన్ఫెక్షన్, కాలివేళ్ల మధ్య ఒరుపులు, చర్మం మీద కురుపులు ముందే నయం చేయించుకోవాలి. రక్తహీనత ఉంటే సరిచేయాలి. సిగరెట్, బీడీ కనీసం నాలుగు వారాల ముందు మానాలి. రక్తం పలచబడే మందులు వాడుతుంటే వాటిని ఎప్పుడు ఆపాలో డాక్టరే చెప్పాలి. సొంతంగా ఆపొద్దు. ఆకు మందులు, పొడులు వాడుతున్నా దాచకుండా చెప్పండి.

తర్వాత ఇల్లు. వెస్ట్రన్ టాయిలెట్ లేకపోతే కమోడ్ కుర్చీ కొనండి లేదా అద్దెకు తీసుకోండి. బాత్రూంలో పట్టుకోవడానికి రాడ్ బిగించండి. కాలికి తగులుకునే చాపలు, వైర్లు తీసేయండి. చేతులున్న ఎత్తైన కుర్చీ ఒకటి, మంచం కాస్త ఎత్తుగా ఒకటి సిద్ధం చేయండి. పై అంతస్తులో ఉంటే ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు మెట్లు ఎలా ఎక్కాలో అక్కడే ఫిజియోథెరపిస్ట్‌తో సాధన చేయించండి.

ఇక మనిషి. అమెరికా నుంచో బెంగళూరు నుంచో పిల్లలు సెలవు పెట్టుకుని ఆపరేషన్‌కు రెండు రోజుల ముందు వస్తారు, పది రోజులుండి వెళ్లిపోతారు. కానీ ఆసుపత్రిలో నర్సులు ఉంటారు. అసలు తోడు కావాల్సింది ఇంటికి వచ్చాక, రెండో వారం నుంచి ఆరో వారం దాకా. సెలవును ఆ లెక్కన పెట్టుకోండి. తోబుట్టువులు ఉంటే వంతులు వేసుకోండి. ఇంట్లో పెళ్లి ఉంటే దానికి మూడు నెలల ముందైనా చేయించండి, లేదా పెళ్లయ్యాక.

ఆసుపత్రిలో ఏం జరుగుతుంది?

సాధారణంగా నడుము దగ్గర ఇంజెక్షన్ ఇచ్చి కాళ్లకు మత్తు వచ్చేలా చేస్తారు. ఒక మోకాలికి గంట నుంచి రెండు గంటలు పడుతుంది. అదే రోజు సాయంత్రం గానీ మర్నాడు గానీ వాకర్‌తో నిలబెట్టి నడిపిస్తారు. ‘‘ఇంత తొందరగానా’’ అని కంగారు పడొద్దు. అది కొత్త కీలు బరువు మోస్తుందని తెలిసే చేయించేది. కదలకుండా పడుకుంటేనే కాలి నరాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం. మూడు నుంచి ఐదు రోజుల్లో ఇంటికి పంపుతారు.

ఆ 12 వారాలు

*మొదటి 2 వారాలు:* నొప్పి, వాపు ఎక్కువగా ఉండేది ఇప్పుడే. మాత్ర వేసుకున్న అరగంట తర్వాత వ్యాయామం మొదలుపెట్టండి. పాదాన్ని పైకీ కిందికీ ఆడించడం గంటగంటకూ చేయాలి. ఐస్ బ్యాగ్ గుడ్డలో చుట్టి 15, 20 నిమిషాలు పెట్టాలి. చాలా ఇళ్లలో జరిగే తప్పు ఒకటి ఉంది. జాలిపడి మోకాలి కింద దిండు పెడతారు. హాయిగా ఉంటుంది కానీ కాలు వంగినట్టే బిగుసుకుపోతుంది. దిండు పెట్టాలంటే మడమ కింద పెట్టండి, మోకాలు తిన్నగా చాపుకుంటుంది. రెండు వారాలకు 90 డిగ్రీల వరకు, అంటే కుర్చీలో మామూలుగా కూర్చున్నంత వంగాలి. కుట్లు లేదా పిన్నులు 10 నుంచి 14 రోజుల్లో తీస్తారు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన మందు ఎన్ని రోజులు చెబితే అన్ని రోజులూ వాడాలి.

*3 నుంచి 6 వారాలు:* వాకర్ నుంచి చేతికర్రకు మారే కాలం. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. చాలామంది మనసు చిన్నబుచ్చుకునేది ఇప్పుడే. నిద్ర పట్టదు, ఆకలి వేయదు, ‘‘ఎందుకు చేయించుకున్నానా’’ అనిపిస్తుంది. ఇది మామూలే అని ముందే చెప్పి ఉంచండి. ‘‘ఇవాళ వద్దులే, రేపు చేద్దాం’’ అని వ్యాయామం ఆపే ఇంట్లోవాళ్లు ప్రేమతోనే ఆపుతారు, కానీ నష్టం కాలికి. ఆరో వారానికి 110 డిగ్రీల దగ్గరికి రావాలి. బాగా వెనకబడితే సర్జన్‌కు వెంటనే చూపించండి. బిగుసుకున్న కీలును తొలి నెలల్లో సరిచేయడం తేలిక, తర్వాత కష్టం.

*7 నుంచి 12 వారాలు:* ఇంటిపని, చిన్న ప్రయాణాలు, బల్ల దగ్గర కూర్చుని చేసే ఉద్యోగం సాధ్యమవుతాయి. కారు, స్కూటర్ నడపడం ఆరు వారాల తర్వాత, నొప్పి మాత్రలు ఆపాక, అప్పటికప్పుడు బ్రేక్ నొక్కగలిగితేనే.

కోతకు బయటివైపు చర్మం మొద్దుబారడం, నడుస్తుంటే ‘టక్’మని చప్పుడు రావడం, సాయంత్రానికి కాస్త వేడి, వాపు కొన్ని నెలలు ఉంటాయి. పూర్తి ఫలితం తెలియడానికి ఏడాది పట్టవచ్చు.

వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిన లక్షణాలు

• ఊపిరి ఆడకపోవడం, ఛాతీలో నొప్పి, దగ్గితే రక్తం: ఆలస్యం చేయకుండా 108కు ఫోన్ చేయండి.
• పిక్కలో కొత్తగా గట్టి నొప్పి, కాలంతా వాపు.
• జ్వరం, కోత దగ్గర చీము లేదా నీరు కారడం, ఎరుపు పాకడం.
• తగ్గుతూ వచ్చిన నొప్పి ఒక్కసారిగా పెరగడం, కింద పడటం.

లోపల ఇన్ఫెక్షన్ వచ్చేది నూటికి ఒకరిద్దరికే. కానీ వస్తే మళ్లీ ఆపరేషన్ దాకా వెళ్లొచ్చు. చీము కనిపిస్తే మందుల షాపు నుంచి యాంటీబయాటిక్ తెచ్చి వేయొద్దు. పైకి తగ్గినట్టుండి లోపల మిగిలిపోతుంది, పరీక్షల్లో ఏ క్రిమి అన్నది కూడా దొరకదు. ఆపరేషన్ చేసిన సర్జన్‌కే చూపించండి.

తిరుమల మెట్లు ఎక్కొచ్చా?

ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. నడక, ఈత, సైకిల్, మామూలు మెట్లు మంచివే. పరుగు, దూకడం వద్దు. అలిపిరి దారిలో 3,500కు పైగా మెట్లు ఉన్నాయి. కోలుకున్నాక కొందరు ఎక్కుతారు, కానీ దాన్ని కొత్త మోకాలికి పెట్టే పరీక్షగా చూడొద్దు. మీ సర్జన్‌ను అడిగాకే ఆలోచించండి. పూజ, నమాజ్, ప్రార్థన కుర్చీలో కూర్చుని చేసుకోవచ్చు. విమానాశ్రయంలో స్కానర్ మోగితే ఆపరేషన్ సంగతి చెబితే సరిపోతుంది.

సరే అనే ముందు సర్జన్‌ను ఈ ఆరు అడగండి

1. నా నొప్పికి కారణం మోకాలే అని ఎలా తేల్చారు?
2. ఆపరేషన్ లేకుండా ఇంకో మూడు నెలలు ప్రయత్నిస్తే నష్టమేంటి?
3. పాక్షిక మార్పిడి నాకు కుదురుతుందా?
4. ఏ ఇంప్లాంట్, దాని ధర ఎంత, మొత్తం అంచనా కాగితం మీద ఇస్తారా?
5. నాకున్న జబ్బులతో నాకు ప్రత్యేకంగా ఉన్న ప్రమాదం ఏంటి?
6. డిశ్చార్జి తర్వాత ఫిజియోథెరపీ ఎవరు, ఎన్ని రోజులు, ఎంత?

ఏడోదిగా మీరు రాసిన కాగితం ఆయన ముందు పెట్టండి. ‘‘వీటిలో ఏవి తిరిగి వస్తాయి?’’ అని అడగండి. ఒక్కొక్కదానికీ టిక్కో, కొట్టివేతో పెట్టించుకోండి. టిక్ పెట్టినవి చాలు అనిపిస్తే ముందుకు వెళ్లండి. చాలవనిపిస్తే ఇంకొన్నాళ్లు ఆగండి, తప్పేం లేదు.

చేయించుకుంటే మాత్రం ఆ కాగితాన్ని ఫ్రిజ్ తలుపుకు అంటించండి. నాలుగో వారంలో అమ్మ ‘‘ఇవాళ వద్దు’’ అన్నప్పుడు చూపించడానికి పనికొస్తుంది. మొదటి టిక్ దగ్గర ఏముందో చూడండి. ‘కిందికి దిగి కూరగాయలు నేనే ఏరుకోవాలి’ అని ఉంటే, ఆ పూట వ్యాయామం దానికోసమే.

(ఈ కథనం అవగాహన కోసమే. మీ ఆరోగ్య పరిస్థితిని బట్టి నిర్ణయం డాక్టర్‌తో మాట్లాడి తీసుకోండి.)